చక్రం మీది బొట్లు

ఆయుధ పూజ నాడు చిన్నవెంకటమ్మ తమ్ముడి మిషన్‌కి తలంటు పోసింది. మాటవరసకి అంటున్నది కాదు, నిజంగానే పోసింది. సుగటూరులో తొలి బస్సెక్కి, కోలారులో మారి, మారికుప్పం స్టేషను వెనక వీధిలో ఉన్న షెడ్డుకి పొద్దెక్కేలోపు చేరుకుంది. చీర ఎగ్గట్టి బొడ్లో దోపుకుని, రెండు నెలల బూజు దులిపి, కొయ్యపొట్టు గంపలకెత్తి బయట పోసి, తడిగుడ్డతో ఇనుమునంతా ఒళ్లు తోమినట్టు తోమింది. మోటారు ఒక్కదాన్ని వదిలిపెట్టింది, అదీ షాకు కొడుతుందేమోనని భయపడి.

ఆ పని జరుగుతున్నప్పుడు నాగేశ్ అక్కడ లేడు. పూలూ, బూడిద గుమ్మడికాయా, నిమ్మకాయలూ తెమ్మని అతన్ని రాబర్ట్‌సన్‌పేట బజారుకి తరిమింది ఆమే. అసలు ఈ ఏడాది పూజ ఎందుకని వీధిలో వాళ్లు అడగకపోలేదు. నాగేశ్ భార్య శశికళ పోయింది శ్రావణంలో. ఇంట్లో ఇంకా ఏటి సూతకం తీరలేదు. కానీ చిన్నవెంకటమ్మ దగ్గర దానికీ జవాబుంది.

"సూతకం మనుషులకప్పా. మిషన్‌కి ఏమి సూతకం? దానికి పూజ చేయకుంటే ఏడాదంతా ఎవురిదో ఒకరి చేతి ఏలు అడుగుతా ఉంటాది."

"సరే" అన్నాడు నాగేశ్.

శ్రావణం నుంచి ఇప్పటిదాకా నాగేశ్ నోట్లోంచి వచ్చిన మాటల్ని కుప్ప పోస్తే అందులో ముప్పాతిక వంతు ఈ 'సరే'నే ఉంటుంది. అన్నం తింటావా అంటే సరే. తినకపోతే ఎలా అంటే సరే. ఫోటోని పెద్దది చేయించనా అప్పా అని కూతురు చైత్ర అడిగితే సరే. చనిపోయిన రోజున కూడా వచ్చినవాళ్లకి కుర్చీలు వేశాడు, కాఫీలు సరిపోయాయో లేదో చూశాడు, ఎవరికి చెప్పాలో ఎవరికి చెప్పలేదో గుర్తుచేశాడు. గుండె గట్టి మనిషి అన్నారు కొందరు. గుండె ఉందా అన్నారు ఇంకొందరు. వాళ్లన్నది వినబడకపోలేదు. అతనికీ అదే అనుమానం.

బజారు నుంచి వచ్చేసరికి షెడ్డులో అగరొత్తుల పొగ. మిషన్ తల నుంచి కాలిదాకా విభూతి గీతలు. చివర ఉన్న చిల్లుల చక్రం నిండా పసుపు మెత్తి, అంచు చుట్టూ వరసగా కుంకుమ బొట్లు పెట్టింది అక్క. కొలిచి పెట్టినట్టు సమంగా ఉన్నాయవి. చక్రాన్ని పట్టి ఉంచే పిన్ను పీకి పక్కన తగిలించి ఉంది. అన్ని వైపులా తోమడానికి చక్రాన్ని తిప్పింది కాబోలు, దానికి బిగించి ఉన్న కొయ్య కూడా తిరిగిపోయి ఉంది.

నాగేశ్ చామంతి దండ చేత్తో పట్టుకుని చక్రం వైపే చూస్తూ నిలబడ్డాడు. దాని మీద ఉండాల్సిన బొట్లు వేరే. అవి లేవు. ఇప్పుడు లోపల ఏదో ఒకటి జరగాలి అనుకున్నాడు. జరగలేదు. పన్ను పీకే ముందు దవడకి సూది వేస్తారు చూడండి, ఆ తర్వాత మన బుగ్గ మనమే కొరుక్కున్నా తెలియదు, అలా ఉంది అతనికి. దండ వేశాడు. గుమ్మడికాయ కొట్టాడు. కర్పూరం వెలిగించి, అక్క కళ్లకద్దుకోమంటే అద్దుకున్నాడు.

ఈ మిషన్ సంగతి కాస్త చెప్పాలి, లేకపోతే ఆ పోయిన బొట్ల విలువ తెలియదు. ఇది కొయ్యని గిరగిరా తిప్పి చెక్కే లేతు కాదు. ఇందులో కొయ్య రెండు కొసల మధ్య పడుకుని కదలకుండా ఉంటుంది. పైన రౌటర్, కరెంటుతో గిర్రున తిరిగే ఉలిలాంటిది, పట్టాల మీద ఈ కొస నుంచి ఆ కొసకి నడుస్తూ ఒక గాడి తీస్తుంది. ఒక గాడి అయ్యాక కొయ్యని కొంచెం తిప్పి ఆపాలి, తర్వాతి గాడికి. ఎంత తిప్పాలో చెప్పేది చిల్లుల చక్రం. పళ్లెమంత ఇనుప బిళ్ల, దాని నిండా వరసలు వరసలుగా సన్నని చిల్లులు. సరైన చిల్లులో పిన్ను పడితే సరైన గాడి. పక్క చిల్లులో పడితే కొయ్య పొయ్యిలోకే.

దీన్ని కట్టింది శశికళ తండ్రి హనుమప్ప. బంగారు గనుల వర్క్‌షాపులో ఫిట్టరు. గనులు మూతపడ్డాక చేతులు ఊరికే ఉండలేక, తుక్కులో కొన్న పాత లేతు బెడ్డు మీద ఈ మిషన్ నిలబెట్టి, కూతురికి పెళ్లి చేసి, అల్లుణ్ణీ మిషన్‌నీ ఒకే ఏడాది తెచ్చుకున్నాడు. రెంటిలో మిషనే చెప్పినమాట వింటుందని నవ్వేవాడు. నాగేశ్ సుగటూరులో తలుపులూ ద్వారబంధాలూ చేసుకునే వడ్రంగి. మెలితిరిగిన స్తంభాలూ, గాడుల ఉయ్యాల కోళ్లూ, దేవుడి మందిరాలూ చేయడం ఇక్కడికొచ్చాకే నేర్చుకున్నాడు.

రౌటర్ అతనిది, చక్రం శశికళది. పెళ్లైన కొత్తలోనే అలా కుదిరిపోయింది. తండ్రి చక్రానికి చిల్లులు వేస్తున్నప్పుడు పక్కన కూర్చుని లెక్కపెట్టిన చేయి ఆమెది. హనుమప్ప కొట్టిన అంకెలు తుప్పుకీ రాపిడికీ చెరిగిపోయాయి గనుక, ఏ పనికి ఏ చిల్లులో ముందే గుర్తు పెట్టుకోవాలి. ఆ గుర్తుల కోసం వాళ్లు పడని పాట్లు లేవు. సుద్దముక్కతో పెడితే మోటారు అదురుకి రెండో గాడికే రాలిపోయేది. పెయింటు చుక్కలు పెడితే అవి పోయేవి కావు, కొత్త పనిలో పాత పని చుక్కలు అడ్డొచ్చేవి. అగ్గిపుల్లలు గుచ్చారు, చక్రం తిప్పినప్పుడు విరిగి చిల్లుల్లో ఇరుక్కున్నాయి. గోళ్లరంగు పూశారు, దాన్ని గీకడానికి ఒక పూట పట్టింది. ఒకనాడు చెమటకి జారుతున్న నుదుటి బొట్టుబిళ్లని శశికళ అలవాటుగా తీసి, అద్దం దగ్గర లేదు కాబట్టి, చక్రానికి అంటించింది. సాయంత్రందాకా అది అక్కడే ఉంది. గోటితో లేపితే చటుక్కున లేచింది.

అంతే, ఆ రోజు నుంచి బొట్టుబిళ్లల ప్యాకెట్టు మేకులూ మరలూ ఉండే డబ్బాలోకి చేరింది. చూసినవాళ్లు నవ్వేవాళ్లు. మీ మిషన్ ముత్తైదువప్పా అని ఎగతాళి చేసేవాళ్లు. ఆమె ఇంకో బిళ్ల అంటించేది.

పని జరిగేటప్పుడు ఇద్దరి మధ్యా నడిచే మాట ఒక్కటే. మోటారు హోరులో ఎక్కువ మాటలు వినబడవు కదా. ఆమె చక్రం తిప్పి, బొట్టు చూసి, పిన్ను వదిలి, అది చిల్లులో దిగాక "పడె" అనేది. ఆ మాట వినబడ్డాకే అతను రౌటర్ కదిపేవాడు. ఇన్నేళ్లలో అతను ఒక్కసారి కూడా చక్రం వైపు తిరిగి చూసుకోలేదు.

ఇప్పుడు మిషన్ మీద పడుకుని ఉన్నది సుగటూరు అమ్మవారి గొడుగు కర్ర. ఊరేగింపులో ఉత్సవ విగ్రహం మీద పట్టే గొడుగుకి నిలువెత్తు పనస కర్ర. పాతది చెదలు తినేసిందని ఊరి పెద్ద ఈశ్వరప్ప తన తోటలో పడిపోయిన చెట్టు కోయించి, మంచి ముక్క ఏరి పంపించాడు. అందరిలా సమంగా గాడులు తీసి ఇస్తే సరిపోయేది. శశికళ ఒప్పుకోలేదు.

"చీర కుచ్చెళ్లు మాదిరి రావల్ల. ముందర విచ్చుకోని, వెనక్కి పోయేకొద్దీ దగ్గరకి రావల్ల. అమ్మోరి కర్ర గదా."

ఆ ఎడాలకి లెక్క లేదు. ఒంటి కన్ను మూసి, కర్రనీ చక్రాన్నీ మార్చి మార్చి చూసుకుంటూ, తన కంటికి నచ్చిన చోటల్లా బొట్టు అంటించింది. రాసి పెట్టుకోవే అన్నాడు నాగేశ్. "రాసిన కాగితం పొట్టులో కలిసి పోతాది. బొట్టు యాడికి పోతాది?" అంది.

ఈసారి వాడినవి మామూలు గుండ్రటి బిళ్లలు కూడా కావు. కోలారు దగ్గరి నరసాపురంలో బండ్ల ఫ్యాక్టరీలో పనిచేసే చైత్ర తల్లి కోసం తెచ్చిన నీటిచుక్క ఆకారపు బిళ్లలు. ఇవి నా మొగానికి కాదు, కాలేజీ పిల్లోళ్లకి అని తీసి పక్కన పెట్టి, చక్రానికి మాత్రం భలే కుదిరాయని మురిసిపోయింది. గుండ్రటి బిళ్ల పక్కపక్క చిల్లుల మధ్య ఉంటే ఏ చిల్లో అనుమానం వచ్చేది. చుక్క బిళ్లకి ముక్కుంది. ముక్కు ఎటు చూపిస్తే అదే చిల్లు. ప్యాకెట్టు అయిపోయేసరికి ఒక్క గుర్తు మిగిలింది. సరిగ్గా ముందు వైపు, ముఖం మీదికి వచ్చే గాడి. ఆ రోజు శుక్రవారం గనుక ఆమె నుదుట పెద్ద ఎర్ర బిళ్ల ఉంది. అది తీసి అంటించేసింది.

"ఇది కడాన తీయల్ల. చెయ్యి కుదురుకున్నాక" అంది.

వెనక వైపు గాడులు అయ్యాయి. సాయంత్రానికి ఆమెకి ఒళ్లు వెచ్చబడింది. వారం తిరగకముందే కోలారు ఆసుపత్రిలో రక్తంలో కణాలు పడిపోతున్నాయని చెప్పారు, ఇంకో రెండు రోజులకి చెప్పడానికి ఏమీ మిగల్లేదు. ఆసుపత్రి ట్యూబులైటు వెలుగులో నాగేశ్ చూసింది బొట్టులేని నుదురు. ఆమెని అలా ఎన్నడూ చూడలేదతను. నిద్రలో కూడా బిళ్ల మరక ఉండేది. తర్వాత ఇంటికి తెచ్చాక ఆడవాళ్లు పసుపు రాసి రూపాయంత కుంకుమ పెట్టారు, కానీ అతని కళ్లలో మిగిలిపోయింది మాత్రం ఆ ఉత్త నుదురే. చైత్ర పెద్దది చేయించి తెచ్చిన ఫోటోని షెడ్డులో తగిలించారు. అతను దాని వైపు ఇంతవరకూ తిన్నగా చూడలేదు. చూస్తే అదే కనబడుతుందని భయం.

మిషన్ వైపు కూడా రాలేదు. కర్ర అలాగే ఉంది, సగం కుచ్చెళ్లతో.

పూజ మర్నాడు ఈశ్వరప్ప వచ్చాడు. బండి స్టాండు వేసి, తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని, ముందు శశికళ గురించి నాలుగు మాటలు మాట్లాడి, నెమ్మదిగా కర్ర దగ్గరికి వచ్చాడు.

"బేజారు చేసుకోవద్దు నాగేశా. దీపావళి అయినంక ఊరేగింపు. అడిగేదానికే మొగం చెల్లల్యా నాకు."

"గుర్తులు పోయినాయి మామా" అన్నాడు నాగేశ్. "ఆయమ్మ కంటితో పెట్టిండె. మళ్లా నేను పెట్టలేను."

లోపలి నుంచి చిన్నవెంకటమ్మ చేతిలో పని ఆపి వింటోంది.

ఈశ్వరప్ప కర్రని వంగి చూశాడు. వెనక వైపు దగ్గరదగ్గరగా దిగిన గాడుల మీద వేలు పెట్టి రాశాడు. ముందు వైపు నున్నగా, ఖాళీగా ఉంది.

"మిగిలిన జాగాలో సమంగా గీసేయప్పా. దానికి పట్టుగుడ్డ చుడతారు, దాని మీద పూలు చుడతారు. ఎవురు చూస్తారు ముందర ఎంత, వెనకాల ఎంత అని? పని కావల్ల, అంతే."

తప్పు మాటేమీ కాదు. నాగేశ్ కొయ్య చూసి చెప్పగలడు, సమంగా తీస్తే ఎక్కడా వంక కనబడదు. కర్ర కర్రలా ఉంటుంది. కానీ అది ఆమె తలపెట్టిన కర్ర కాదు. ఆమె చేసిన పనుల్లో చివరిది సగంలో ఆగి, మిగిలిన సగం ఇంకెవరిదో అయిపోతుంది. ఇది అతనికి తెలుసు. తెలిసినా నొప్పి తెలియడం లేదు.

"సరే మామా" అన్నాడు.

ఈశ్వరప్ప బరువు దిగినట్టు ఊపిరి పీల్చుకుని, చిన్నవెంకటమ్మ ఇచ్చిన కాఫీ తాగి వెళ్లిపోయాడు.

ఒప్పుకున్నాడు గనుక చేయాలి. నాగేశ్ పాత బనియను గుడ్డ తీసుకుని చక్రం ముందు కూర్చున్నాడు. పసుపు ఎండి పెళుసుగా ఉంది. చిల్లులు కనబడాలంటే అదంతా పోవాలి. పొడిగుడ్డతో ఒక పక్క నుంచి తుడుస్తూ వచ్చాడు. పసుపు పొడిపొడిగా రాలి ఒళ్లో పడింది, కుంకుమ దానితో కలిసింది, అడుగు నుంచి ఇనుము నల్లగా తేలింది.

కొన్ని చోట్ల తేలలేదు. ఎంత రాసినా ఒక మచ్చ అలాగే ఉండిపోయింది. గోరు పెట్టి చూశాడు, జిగురుగా తగిలింది. పక్కన ఇంకొకటి. తుడుస్తున్నకొద్దీ అవి పైకి వస్తూనే ఉన్నాయి. బొట్టుబిళ్ల లేచినా దాని జిగురు ఇనుముకి అంటుకునే ఉంటుంది. అక్క మెత్తిన పసుపూ కుంకుమా ఆ జిగురుకి పట్టుకుని ఎర్రగా, పచ్చగా నిలిచిపోయాయి. తుడవడం అయ్యేసరికి చక్రం నిండా బొట్లే.

అవి ఈ కర్రవి మాత్రమే కాదు. పిలకాయల తొట్టెకి పెట్టినవీ, మాలూరు పెళ్లివారి ఉయ్యాల కోళ్లకి పెట్టినవీ, దేవుడి మందిరాల స్తంభాలకి పెట్టినవీ, పని అయ్యాక ఆమె గోటితో లేపేసిన ప్రతి బొట్టూ, ఏళ్ల తరబడివి, ఒకదాని పక్కన ఒకటి, ఒకదాని మీద ఒకటి. ఇన్నాళ్లూ ఆమె కూర్చున్న వైపు అతను తిరిగి చూడలేదు. ఇప్పుడు చూశాడు. ఆమె కూర్చున్న కాలమంతా అక్కడుంది.

నాగేశ్ చేతిలోని గుడ్డ జారిపోయింది. తీసుకోలేదు.

"అక్కా" అన్నాడు. గొంతు కొంచెం పెద్దగానే వచ్చింది. "దీని మీద బొట్లు ఉండె. చుక్క మాదిరివి. ఏమి చేసినావు వాటిని?"

శ్రావణం నుంచి తమ్ముడు తనంతట తానుగా అడిగిన మొదటి మాట అది. చిన్నవెంకటమ్మ చేతులు కొంగుకి తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. ఆమె ముఖం వాడిపోయింది.

"ఆడోళ్లు అద్దానికి అంటిస్తారు చూడు, అట్ల అనుకుంటినప్పా. గుర్తులని నాకెట్ల తెలుస్తాది. మిషన్ కడగల్ల అని తీసినా."

"తీసి పారేసినావా?"

"పారేస్తానా?" ఆమెకి కొంచెం కోపం వచ్చింది. "ముత్తైదువగా పోయిన తల్లి. ఆయమ్మ బొట్టు చీపురు కిందకి తోస్తానా నేను? ఆయమ్మకే పెట్టినా. ఆడ చూడు."

ఆమె చూపించింది గోడ మీది ఫోటోని. పూజకి వేసిన దండ మధ్య నుంచి శశికళ కనబడుతోంది. అద్దం అంచు పొడుగునా చుక్క బొట్లు తోరణంలా అంటించి ఉన్నాయి. పెద్ద ఎర్ర బిళ్ల సరిగ్గా నుదుటి మీద.

నాగేశ్ లేచి ఫోటో దించాడు. మిషన్ బల్ల మీద పెట్టి, ముఖం వైపు కాకుండా అంచు వైపు చూస్తూ ఒక చుక్క బొట్టు లేపాడు. వేలికొస మీద దాన్ని చక్రం దగ్గరికి తెచ్చి మచ్చల మీద ఒక్కొక్కదాని మీదా ఆనించి చూశాడు. గుండ్రటి మరకల మీద ముక్కు బయటికి పొడుచుకొచ్చింది. ఇంకోదాని మీద, ఇంకోదాని మీద. తర్వాత ఒక మరక మీద కుదిరింది. అంచూ అంచూ కలిశాయి, ముక్కు ఒక చిల్లుని చూపించింది.

"దీపం పట్టనా?" అంది అక్క.

"వద్దు. కనపడతా ఉండాది."

ఆమె కాసేపు చూసి, చేసేదేమీ లేక వెనక వాకిట్లో గిన్నెల దగ్గరికి వెళ్లింది.

ఒక్కో చుక్కా దాని ఇంటికి అది చేరడానికి చాలాసేపు పట్టింది. అయిపోయిన గాడులవి ముందు కలిపి చూసుకున్నాడు. అవి కర్ర మీది గాడులకి సరిపోయాయి గనుక మిగిలినవీ నిజమేనని ధైర్యం వచ్చింది. అప్పుడు మోటారు వేశాడు. చక్రం దగ్గర కూర్చుని పిన్ను వదిలి, లేచి అటు కొసకి నడిచి, రౌటర్ పట్టుకుని గాడి తీసి, మళ్లీ ఇటు నడిచి, చక్రం తిప్పి. ఇద్దరి పని ఒక్కడు చేస్తే నడకే ఎక్కువ. రౌటర్ మీద చేయి వేసి ప్రతిసారీ ఒక్క క్షణం ఆగేవాడు. ఎందుకు ఆగుతున్నాడో మూడోసారికి గానీ తెలియలేదు. మాట కోసం.

పనస పొట్టు పచ్చగా ఎగిరి పడుతోంది. కర్ర ముందు వైపు గాడులు ఒకదానికొకటి ఎడం అవుతూ విచ్చుకున్నాయి. చీర కుచ్చెళ్లే. ఆమె ఒంటి కన్ను మూసి చూసింది ఇదే.

నడుమ ఒక్కటి మిగిలింది. ముఖం మీది గాడి.

దాని కోసం చక్రం మీద వెతికాడు. పెద్ద మరకలు రెండు మూడు ఉన్నాయి, పక్కపక్కనే, ఒకదాని అంచు మీదికి ఒకటి ఎక్కి. పండగ రోజుల్లో పెట్టుకున్న బిళ్లలు అవన్నీ. ఏది ఆ శుక్రవారానిదో తెలియదు. ఒక చిల్లు అటు ఇటు అయితే ముందు గాడి పక్కకి పోతుంది, విచ్చుకున్న కుచ్చెళ్లన్నీ మెడ తిప్పుకున్నట్టు అవుతాయి. కళ్లు చికిలించి చూశాడు, వేలితో తడిమాడు. కుదరలేదు. బిళ్ల కావాలి.

బిళ్ల ఫోటోలో నుదుటి మీద ఉంది.

నాగేశ్ మోటారు ఆపేశాడు. షెడ్డు ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. వాకిట్లో గిన్నెల చప్పుడు, స్టేషన్లో బెంగుళూరు రైలు కూత. ఫోటోని ఎత్తి ఒళ్లో పెట్టుకున్నాడు. ఇప్పుడు చూడక తప్పదు. బిళ్ల లేపాలి, లేపితే అడుగున ఏముంటుందో అతనికి తెలుసు. ట్యూబులైటు కింద చూసింది. అది చూడకుండా ఉండటానికే ఇన్నాళ్లూ దేని వైపూ చూడలేదు, ఇంటి అద్దం వైపు కూడా.

గోరు ఆనించాడు. పాతబడ్డ బిళ్ల, చటుక్కున లేచింది.

అడుగున బొట్టుంది.

ఫోటోలోదే. చైత్ర ఏదో పెళ్లిలో ఫోన్‌తో తీసింది కాబోలు, తల్లి ఏదో అంటూ సగం నవ్వు మీద ఉంది, నుదుట పెద్ద ఎర్ర బొట్టు, కొంచెం పక్కకి జరిగి. ఎప్పుడూ అలాగే కొంచెం పక్కకి పెట్టుకునేది. అద్దం చూసుకోకుండా పెట్టుకునే అలవాటు. చక్రం మీద అయితే వెంట్రుకవాసి తేడా రానిచ్చేది కాదు, తన ముఖం మీద మాత్రం పట్టింపు లేదు. అక్క పెట్టిన బిళ్ల ఆ వంకరని కప్పేసింది. తీసేస్తే శశికళ అలాగే ఉంది.

నాగేశ్ చాలాసేపు చూశాడు. ఆసుపత్రిలో చూసింది ఆమె కాదు. ఇది ఆమె.

వేలికొస మీది బిళ్లని మరకల మీద ఆనించాడు. మొదటిది పెద్దది. రెండోది సరిపోయింది, అక్కడే అంటించాడు. చక్రం తిప్పాడు, పిన్ను వదిలాడు. అది చిల్లులోకి దిగి టక్కుమంది.

తర్వాత జరగాల్సింది ఒకటే. ఆ మాట రావాలి. అతను చక్రం దగ్గరే కూర్చుని దాని కోసం చూశాడు. ఈ షెడ్డులో ఆ మాటని ఇటు వైపు నుంచి చెప్పాల్సినవాళ్లు ఎవరూ లేరని, ఇప్పుడు ఇటు వైపు ఉన్నది తనేనని అప్పుడు తెలిసింది. రెండు నెలలుగా అందరూ చెబుతున్న సంగతే. ఇప్పుడే తెలిసింది.

"పడె" అన్నాడు.

అనడం అన్నాడు గానీ ఆ మాట సగంలోనే విరిగిపోయింది. పిన్ను పట్టుకున్న చేయి వదలకుండానే, ఇనుప చక్రానికి నుదురు ఆనించి ఏడ్చాడు. పసిపిల్లలు ఏడ్చినట్టు, సిగ్గు లేకుండా, గట్టిగా.

చిన్నవెంకటమ్మ గిన్నె చేతిలో పట్టుకునే పరుగెత్తుకొచ్చింది. ఏలు తెగిందేమో అనుకుంది. రక్తం కోసం నేల మీద చూసింది. తమ్ముడి భుజం పట్టుకుని వెనక్కి లాగింది.

"ఏమాయ నాయనా? యాడ తగిలె?"

అతను ముఖం ఎత్తాడు. చక్రానికి ఆనించిన నుదుటి మీద పసుపూ కుంకుమా అంటుకుని ఉన్నాయి.

"పోయిందక్కా" అన్నాడు. "శశి పోయింది."

ఆమెకి అప్పుడు అర్థమైంది. గిన్నె కింద పెట్టి, పొట్టులోనే అతని పక్కన కూలబడి, కొంగుతో అతని ముఖం తుడవబోయి ఊరుకుంది.

"అవునప్పా" అంది. "పోయింది."

తర్వాత అతనే లేచాడు. కుళాయి దగ్గర ముఖం కడుక్కున్నాడు. ఫోటోని మళ్లీ గోడకి తగిలించి, ఈసారి తిన్నగా ఉందో లేదో ఒకడుగు వెనక్కి వేసి చూసుకున్నాడు. మోటారు వేసి, రౌటర్ మీద చేయి పెట్టి, చివరి గాడి మొదలుపెట్టాడు.

చక్రం మీది పెద్ద ఎర్ర బిళ్లని మాత్రం ఆ పని అయ్యాక కూడా తీయలేదు.